మున్సిపల్ స్కూల్లో కుళాయి పాడైతే ఎవరిని అడగాలి?

మా పాప చదివే మున్సిపల్ స్కూల్లో నాలుగు తాగునీటి కుళాయిల్లో మూడు పాడయ్యాయి. స్కూలు సంగతి కదా, విద్యాశాఖ వాళ్లే చూస్తారనుకుని అర్జీ రాసి ఒక ఆఫీసుకి పట్టుకెళ్లాను. గంటన్నర కూర్చోబెట్టి "ఇది మాది కాదండీ, కార్పొరేషన్ వాళ్లది" అన్నారు. తీరా అక్కడికి వెళ్తే "హెచ్‌ఎం (హెడ్‌మాస్టర్) గారి లెటర్ ఏదీ?" అన్నారు. మీకు ఆ తిరుగుడు తప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు ఆ స్కూలు ఎవరిదో చూసుకోండి. బెజవాడలో ఉన్నంత మాత్రాన ప్రతి సర్కారు బడీ కార్పొరేషన్‌ది కాదు. పటమట నగరంలో కలిసి దశాబ్దాలైనా అక్కడ జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది. గేటు మీద బోర్డు చదివితే తెలిసిపోతుంది.

మున్సిపల్ బడి అయితే మెలిక ఇంకోటి ఉంది. దానికి ఇద్దరు యజమానులు. 2022 జూన్‌లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వుతో టీచర్ల అజమాయిషీ, చదువుల పర్యవేక్షణ విద్యాశాఖకి వెళ్లాయి. బిల్డింగు, స్థలం మాత్రం కార్పొరేషన్ ఆస్తిగానే ఉండిపోయాయి. కాబట్టి కుళాయి, బాత్రూం, ప్రహరీ గోడ అయితే కార్పొరేషన్. లెక్కల మాస్టారు లేకపోతే విద్యాశాఖ. ఈ ఒక్క గీత గుర్తుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

అమెరికాలో ఉండే మా బావగారికి చెబితే "స్కూల్ బోర్డు మీటింగ్‌కి వెళ్లి అడుగు" అన్నారు. అక్కడ చాలా ఊళ్లలో బోర్డు సభ్యులను జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. మనకి బోర్డు అంటే పదో తరగతి పరీక్షలే! దానికి కాస్త దగ్గరగా మన దగ్గర ఉన్నది పేరెంట్స్ కమిటీ, కాగితాల మీద ఎస్‌ఎంసీ, అంటే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ.

రెండో మెట్టు అదే. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు. అంటే ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న బడికి పదిహేను మంది. చైర్మన్‌ని, వైస్ చైర్మన్‌ని వాళ్లలోంచే ఎన్నుకుంటారు. హెచ్‌ఎం కన్వీనర్. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా ఈ ఎన్నికలు జరిగాయి. మనలో చాలామంది మీటింగ్‌కి వెళ్లి, సంతకం పెట్టి, టీ తాగి వచ్చేస్తాం. నేనూ అంతే చేశాను. ఆ సంతకం పైన ఏం రాశారన్నదే అసలు సంగతి. మీ సమస్యని తీర్మానంగా రాయించండి. "కుళాయిలు బాగుచేయించాలి" అంటే చాలదు. ఎన్ని పాడయ్యాయి, ఎప్పటి నుంచి, ఎంతమంది పిల్లలు నీళ్ల కోసం ఇబ్బంది పడుతున్నారు, అన్నీ ఉండాలి. ఫోటోలు జతచేసి, హెచ్‌ఎం గారి సంతకంతో ఒక కాపీ తీసుకోండి.

ఆ కాపీతో వార్డు సచివాలయానికి వెళ్లండి. కుళాయి అయితే ఎమినిటీస్ సెక్రటరీ, చదువు సంగతి అయితే ఎడ్యుకేషన్ సెక్రటరీ. ఎవరికిచ్చినా రసీదు నంబరు లేకుండా బయటికి రావద్దు.

తర్వాత కార్పొరేటర్. విజయవాడలో 64 డివిజన్లు, గుంటూరులో 57, డివిజన్‌కి ఒక కార్పొరేటర్. 2021 ఎన్నికల్లో మేయర్‌ని ఎన్నుకున్నది మనం కాదు, కార్పొరేటర్లే. మేయర్ కౌన్సిల్‌ని నడిపితే, ఆఫీసునీ ఫైళ్లనీ నడిపేది రాష్ట్ర ప్రభుత్వం పంపే కమిషనర్. కార్పొరేటర్ మీ మాట కౌన్సిల్లో లేవనెత్తగలరు, ఇంజినీర్ మీద ఒత్తిడి తేగలరు. ఎస్టిమేట్ వేసేది మాత్రం ఇంజినీరింగ్ విభాగమే. అందుకే ఇద్దరికీ చెరో కాపీ ఇవ్వండి. ఒక్కోసారి గడువు ముగిసి కౌన్సిలే ఉండదు. 2019 నుంచి 2021 మార్చి దాకా విజయవాడలో అదే పరిస్థితి. అప్పుడు నేరుగా కమిషనర్ ఆఫీసే దిక్కు.

అప్పటికీ కదలకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో పాత రసీదు నంబరు వేసి అర్జీ ఇవ్వండి. టీచర్ల సంగతి అయితే ఎంఈవో (మండల విద్యాధికారి), ఆపైన డీఈవో (జిల్లా విద్యాధికారి). 2022 ఏప్రిల్ నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, పాత అలవాటుకొద్దీ బందరు బస్సెక్కకండి. ఆఖరి అస్త్రం సమాచార హక్కు దరఖాస్తు. "నా అర్జీ ఏ తేదీన ఎవరి దగ్గరుంది?" అని ఒకే ప్రశ్న అడగండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

మాకు అంతదూరం వెళ్లే పని పడలేదు. తీర్మానం కాపీ ఇచ్చిన మూడో వారంలో ప్లంబర్ వచ్చి మూడు కుళాయిలూ బాగుచేశాడు. అప్పటిదాకా బానే ఉన్న నాలుగోది ఆ మర్నాటి నుంచి కారుతోంది. వచ్చే మీటింగ్‌లో మొదటి తీర్మానం దాని మీదే.