షాఫ్ట్ డ్రైవ్ బైకులో శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం ఎలా?

చెయిన్ బైకులో శబ్దం వస్తే వంగి చూడగానే సగం సంగతి తెలిసిపోతుంది. సాగిన చెయిన్, అరిగిన స్ప్రాకెట్ పళ్లు కంటికే కనబడతాయి. చెయిన్‌కు బదులు తిరిగే కడ్డీ (షాఫ్టు) వెనుక చక్రాన్ని నడిపే షాఫ్ట్ డ్రైవ్ బైకులో ఆ సౌకర్యం లేదు. గేర్‌బాక్సు నుంచి బయలుదేరిన శక్తి యూనివర్సల్ జాయింటు (వంగుతూనే తిరిగే కీలు), షాఫ్టు, స్ప్లైన్లు (ఒక భాగం మరో దానిలో దూరి కలిసి తిరిగేలా చేసే గాడి పళ్లు), పినియన్ (షాఫ్టు కొసన ఉండే చిన్న పళ్ల చక్రం), క్రౌన్ వీల్ (అది తిప్పే పెద్ద పళ్ల చక్రం) మీదుగా వెనుక చక్రానికి చేరే దారంతా మూత వెనుకే ఉంటుంది. పైగా వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ లోహపు గొట్టం కావడం వల్ల శబ్దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు మోసుకుపోతుంది, అందువల్ల ముందు పుట్టిన చప్పుడు వెనుక వినిపించడం మామూలే. కాబట్టి పానా పట్టే ముందు, ఆ శబ్దం దేని వేగంతో పాటు పెరిగి తగ్గుతోందో తేల్చుకోవాలి.

మొదట రద్దీ లేని చదునైన రోడ్డు మీద ఒకే వేగంతో, ఉదాహరణకు గంటకు 50 కిలోమీటర్లతో, మూడో గేరులో కొంతసేపు, నాలుగో గేరులో కొంతసేపు నడపాలి. గేరు మారినప్పుడు శబ్దం సన్నబడడమో బొంగురుపోవడమో జరిగితే కారణం ఇంజన్ వైపో గేర్‌బాక్సులోనో ఉంటుంది. మారకపోతే గేర్‌బాక్సు దాటిన భాగాలనే అనుమానించాలి. తరువాత అదే వేగంలో క్లచ్ నొక్కి బండిని దానంతట అది పోనివ్వాలి. అప్పుడు కూడా గరగర కొనసాగి, బండి నెమ్మదించే కొద్దీ తగ్గుతూ వస్తే బేరింగులనో టైరునో అనుమానించవచ్చు. అయితే క్లచ్ నొక్కగానే శబ్దం ఆగిపోయిందని ఫైనల్ డ్రైవ్‌ను (చక్రం పక్కన పినియన్, క్రౌన్ వీల్ ఉండే పెట్టెను) నిర్దోషిగా ప్రకటించకూడదు, ఎందుకంటే భారం తొలగిపోయినప్పుడు గేరు పళ్ల కూత కూడా ఆగిపోతుంది. ఈ చిక్కును విడదీయడానికి యాక్సిలరేటర్ తిప్పి లాగించినప్పుడు ఒకసారి, పూర్తిగా వదిలేసి ఇంజన్ బ్రేకింగుతో నెమ్మదించినప్పుడు ఒకసారి విని చూడాలి. ఈ రెండింటిలో ఒక దానిలోనే కూత వస్తే పినియన్, క్రౌన్ వీల్ పళ్లు ఒరుసుకునే తీరు చెడిందని, రెండింటిలోనూ ఒకేలా గుర్రుమంటే బేరింగు అరిగిందని ఎక్కువసార్లు తేలుతుంది. మెట్లు మెట్లుగా అరిగిన వెనుక టైరు కూడా అచ్చం బేరింగులాగే గుర్రుమంటుంది. దాన్ని చేత్తో తడిమి చూడకుండా ఫైనల్ డ్రైవ్ విప్పిన పొరపాటు నేనూ చేశాను.

టిక్ టిక్‌మనే శబ్దమైతే నడక వేగంలో లెక్కపెట్టవచ్చు. చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్లు, పినియన్‌కు 11 పళ్లు, క్రౌన్ వీల్‌కు 33 పళ్లు ఉన్నాయనుకుందాం. గంటకు 7.2 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఒక చుట్టు, షాఫ్టు 3 చుట్లు తిరుగుతాయి. సెకనుకు ఒక్క టిక్కు వినిపిస్తే టైరులో ఇరుక్కున్న రాయి మొదలుకొని బ్రేకు డిస్కు, క్రౌన్ వీల్ వరకు చూడాలి; మూడు గాని ఆరు గాని వినిపిస్తే షాఫ్టునో యూనివర్సల్ జాయింటునో చూడాలి. అదే పళ్ల ఒరిపిడి గంటకు 72 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 330 సార్లు జరుగుతుంది కనుక, అది టిక్కులా కాక గుయ్యిమనే కూతలా చెవిన పడుతుంది.

గేరు వేసినప్పుడు, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తిప్పినప్పుడు వచ్చే ఠక్‌మనే దెబ్బ వేరు. షాఫ్ట్ బైకులలో అది కొంత ఉండనే ఉంటుంది. మునుపటి కంటే పెరిగిందా అన్నదే ప్రశ్న. ఇంజన్ ఆపి, సెంటర్ స్టాండు వేసి, మొదటి గేరులో ఉంచి చక్రాన్ని ముందుకూ వెనక్కూ కదపాలి. గేర్‌బాక్సు వెనుక రబ్బరు తొడుగు ఉన్న బండిలో దాన్ని పక్కకు లాగి, ఒకరు చక్రాన్ని కదుపుతుండగా మరొకరు టార్చితో జాయింటును చూడాలి. జాయింటు ఒక వైపు కదిలిన తరువాత గాని రెండో వైపు కదలకపోతే నడుమ ఉన్న క్రాస్ (కూడిక గుర్తు ఆకారపు ముక్క) బేరింగులు పోయినట్లే. రెండు వైపులూ కలిసి కదులుతూ చక్రం మాత్రం వదులుగా ఆడుతుంటే స్ప్లైన్లనో, చక్రంలో కుదుపును తగ్గించే కుష్ రబ్బర్లనో చూడాలి.

తరువాత గేరును న్యూట్రల్‌కు తెచ్చి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని పక్కలకు ఊపాలి. స్వింగ్ ఆర్మ్‌తో సహా కదిలితే దాని పివట్ (ఫ్రేముకు కలిపే కీలు) బేరింగులు వదులయ్యాయి. ఫైనల్ డ్రైవ్ పెట్టె కదలకుండా చక్రం ఒక్కటే స్పష్టంగా ఊగితే బేరింగు సరిచేసే వరకు ఆ బండిని రోడ్డెక్కించకూడదు. చక్రం గాలిలో ఉండగా ఇంజన్ నడిపి వినే పద్ధతిని నేను సిఫారసు చేయను. స్వింగ్ ఆర్మ్ కిందికి వేలాడినప్పుడు జాయింటు మామూలుకు మించి వంగుతుంది, భారం లేక పళ్లు గలగలలాడతాయి, రోడ్డు మీద లేని శబ్దాలు కూడా వినిపిస్తాయి. వేళ్లకు ప్రమాదం సరేసరి.

అన్నిటికంటే నమ్మకమైన సాక్షి ఫైనల్ డ్రైవ్‌లోని గేరు ఆయిలే. బండిని కొంత దూరం నడిపి, ఆయిల్ వెచ్చగా ఉన్నప్పుడే శుభ్రమైన గిన్నెలోకి దింపి, ఎంత వచ్చిందో కొలవాలి, ఎందుకంటే తక్కువ ఆయిలుతో తిరిగిన పళ్లు కూత పెడతాయి. డ్రెయిన్ ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దాని మీద పేరుకున్న మడ్డిని రెండు వేళ్ల మధ్య రుద్దాలి. కాటుకలా మెత్తగా జారే బూడిదరంగు ముద్ద మామూలు అరుగుదలే. వేళ్లకు గుచ్చుకునే రేకులు, మెరిసే తునకలు తగిలితే బేరింగో పళ్లో పొరలు లేస్తున్నాయని అర్థం. ఆయిల్ పాలలా తెల్లబారితే సీలు గుండా నీరు చేరింది. తిరిగి నింపేటప్పుడు ఆ బండి మాన్యువల్ చెప్పిన గ్రేడునే, చెప్పినంతే పోయాలి.

స్ప్లైన్ల సంగతి మాత్రం చక్రం విప్పితే గాని తేలదు, అందుకే టైరు మార్చే రోజున దాన్ని కూడా చూసుకోవడం మంచిది. గ్రీజు ఉండవలసిన చోట ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే అవి ఎండిపోయి ఒరుసుకుంటున్నాయి. పళ్లు ఇంకా నిండుగా ఉంటే తుడిచి, మాన్యువల్ సూచించిన మాలిబ్డినం గ్రీజు రాస్తే సరిపోతుంది. పళ్ల కొసలు కత్తి అంచులా పలచబడితే గ్రీజు పనిచేయదు, జత భాగాలు రెండూ మార్చాలి. ఒక్కటే కొత్తది వేస్తే అరిగిన పాతది దాన్ని కూడా త్వరగానే అరగదీస్తుంది.