రేపియర్ మగ్గం వస్తే కూలి రేటు ఎలా కుదుర్చుకోవాలి?

షెడ్డులోకి రేపియర్ (నాడె లేకుండా అడ్డపోగు వేసే మరమగ్గం) రాగానే మీటరు రేటు తగ్గిస్తానంటాడు ఆసామి, అంటే మగ్గాల యజమాని. గుడ్డ ఎక్కువ దిగుతుంది కదా అని మా సిరిసిల్లలో చాలామంది వెంటనే ఒప్పేసుకుంటారు. ఆ తర్వాత నెల తిరిగేసరికి చేతికొచ్చింది చూసుకుని బాధపడతారు.

కావలసినవి నోటుబుక్కు, పెన్సిలు, వాచీ. ఫోన్ వద్దు, నూనె చేతులతో కుదరదు.

1. పాత సాంచాల (నాడెతో నడిచే మరమగ్గాల) మీద మూడు నెలల కూలి చూసి, రోజుకెంత పడిందో రాసుకోండి.

2. రేటు పిక్కుల మీదే అడగండి. పిక్కు అంటే మగ్గం ఒకసారి వేసే అడ్డపోగు. అంగుళానికి 40 పిక్కుల గుడ్డ కంటే 60 పిక్కుల గుడ్డకి ఒకటిన్నర రెట్లు టైం పడుతుంది. మీటరు లెక్కలో రెండింటికీ ఒకటే కూలి, నష్టమంతా నేసేవాడిదే.

3. అందరూ దెబ్బతినేది ఇక్కడే. మెకానిక్ మంచి నూలు వేసి, ఒక్క మగ్గం ముందే నిలబడి నిమిషానికి 300 పిక్కులు నడిపి చూపిస్తాడు. 12 గంటలకి 2,16,000. ఆ అంకె మీద రేటు కడితే మునిగినట్టే. మీ చేతిలో నాలుగు మగ్గాలుంటాయి, ఒకదాని పోగు అతికేలోపు ఇంకోటి ఆగుతుంది. 70 శాతం నడిస్తే వచ్చేది 1,51,200. తేడా 64,800 పిక్కులు, అంటే 50 పిక్కుల గుడ్డలో మగ్గానికి దాదాపు 33 మీటర్లు.

కాబట్టి రెండు బీములు (పడుగు నూలు చుట్టిన రోలర్లు) పూర్తిగా దిగేదాకా ఏ రేటుకీ ఒప్పుకోవద్దు. అప్పటిదాకా పాత రోజు కూలే ఇమ్మనండి. షిఫ్టు మొదట్లో, చివర్లో మగ్గం మీది పిక్కుల కౌంటర్ అంకె రాయండి. మగ్గం ఆగిన ప్రతిసారీ టైం, కారణం రాయండి: పడుగు (నిలువు పోగు) తెగింది, పేక (అడ్డపోగు) తెగింది, కరెంటు పోయింది, బీము రాలేదు. చివరి రెండూ మీ చేతిలో లేనివి, ఆ టైంకి విడిగా కూలి అడగాలి. ఒకసారి మేం నెలాఖరున గుర్తు చేసుకుని రాశాం. మా లెక్కలో ఒక్క అంకె కూడా నిలబడలేదు.

నాలుగు మగ్గాలకి 6,04,800 పిక్కులు వచ్చాయనుకోండి. పాత రోజు కూలిని దానితో భాగిస్తే వచ్చేది కనీస రేటు. బేరం అక్కడి నుంచి పైకే.

4. రేపియర్‌కి పేక కోన్ నుంచే అందుతుంది. అందుకే ముందు పని పోయేది కండెలు (నాడెలో పెట్టే నూలు చుట్టలు) చుట్టేవాళ్లకి. మా షెడ్డులో వాళ్లంతా ఆడవాళ్లే. వాళ్ల సంగతి తర్వాత చూద్దామంటే ఇక ఎవరూ చూడరు. కోన్లు అందించడం, గుడ్డ చూడటం, మడతపెట్టడం వాళ్లకే ఇవ్వాలని అదే కాగితంలో రాయించండి.

5. కూలి మార్చే ముందు 21 రోజుల నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. ఆ నోటీసు అడగండి. ఒప్పందం మీద తేదీ, ఇద్దరి సంతకాలు ఉండాలి. మనిషికి ఎన్ని మగ్గాలో కూడా రాయించండి, లేకపోతే అదే రేటుకి నాలుగు కాస్తా ఆరవుతాయి.