కీమో వాంతులకు కరెంటు సూదులు: వెళ్లేముందు ఏం చూసుకోవాలి

అమ్మకు క్యాన్సర్ కీమోలో మొదటిసారి ఎర్ర మందు ఎక్కించిన రోజు హైదరాబాద్ నుంచి నల్గొండ వస్తుంటే ఎల్బీనగర్ దాటకముందే బస్సులో వాంతులు మొదలయ్యాయి. చౌటుప్పల్ వచ్చేసరికి నా దగ్గరున్న కవర్లన్నీ అయిపోతే కండక్టరు తన టిఫిన్ కవరు ఖాళీ చేసి ఇచ్చాడు. రెండో సైకిల్‌కు, అంటే రెండో విడత కీమోకు ముందు ఎవరో ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ గురించి చెప్పారు. కరెంటు పెడతారంటే అమ్మ "నన్ను సంపుతవా ఏందిరా" అన్నది.

అంత భయపడేది ఏమీ లేదు. మణికట్టు దగ్గర సన్నటి సూదులు గుచ్చి, వాటికి బ్యాటరీ డబ్బా వైర్లు తగిలించి ఒక 20 నిమిషాలు చిన్నచిన్న కరెంటు దెబ్బలు పంపుతారు, సూదుల్లో మందేమీ ఉండదు. డాక్టరు నాబ్ మెల్లగా తిప్పుతుంటే అమ్మ నడివేలు దానంతటదే టకటకా ఎగరడం మొదలుపెట్టింది, అది చూసి ఆమెకే నవ్వొచ్చింది. నొప్పిగా, భరించలేనట్టు అనిపిస్తే మాత్రం ఓర్చుకోకుండా వెంటనే చెప్పాలి, తగ్గిస్తారు.

ఇది పనిచేస్తుందా అంటే, వాంతుల వరకు కొంత రుజువుంది. 2000లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో చాలా ఎక్కువ డోసు కీమో తీసుకుంటున్న 104 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్లను మూడు గుంపులు చేశారు. ఐదు రోజుల్లో వాంతి మందులు మాత్రమే వాడినవాళ్లకు మధ్యస్థంగా 15 సార్లు, నామమాత్రంగా సూదులు గుచ్చినవాళ్లకు 10 సార్లు, కరెంటు సూదులవాళ్లకు 5 సార్లు వాంతులయ్యాయి. సూదులు ఆపేశాక తర్వాతి 9 రోజుల్లో పెద్ద తేడా లేదు. మూడు గుంపులకూ వాంతి మందులు ఇస్తూనే ఉన్నారు, కాబట్టి సూదులు పెట్టించుకున్నాం కదా అని గోళీలు ఆపకండి, ఎందుకంటే రెండో రోజు, మూడో రోజు వచ్చే వాంతులే మనిషిని పీల్చేస్తాయి. మలబద్ధకానికి, విరేచనాలకు మాత్రం ఇంత గట్టి రుజువు లేదు. మలబద్ధకం చాలాసార్లు వాంతులకు ఇచ్చే ఆండాన్సెట్రాన్ గోళీ వల్లే వస్తుంది, దానికి వేరే మందు అడగండి.

ముందు క్యాన్సర్ డాక్టరుకు చెప్పండి, దాచి చేయించుకునే పని కాదిది. ఆ వారం చేసిన రక్త పరీక్ష కాగితం వెంట తీసుకెళ్లండి. ప్లేట్‌లెట్స్ 50,000 కంటే తక్కువున్నా, న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్త కణాలు) 1000 కిందికి పోయినా సూది వద్దు. కీమో అయిన 7 నుంచి 14 రోజుల మధ్య ఈ కణాల కౌంట్ బాగా పడుతుంది కాబట్టి మేము కీమో రోజు పొద్దున్నే పెట్టించేవాళ్లం. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని జోలికే పోవద్దు.

ఆపరేషన్‌లో చంక కింద లింఫ్ గ్రంథులు తీసిన వైపు చేతికి సూది గుచ్చనివ్వద్దు, ఆ చేయి వాచే ప్రమాదం ఉంటుంది. అమ్మకు ఆపరేషన్ ఎడమ వైపు, సెలైన్ కుడి చేతికి. సెలైన్ ఎక్కితే మణికట్టు దొరకదు, అందుకే ఫస్టు బస్సుకు పోయి కీమో ఎక్కించే డే కేర్‌కు పోకముందే ఆ పని చేసుకునేవాళ్లం. పరగడుపున పోకండి, కళ్లు తిరుగుతాయి. అమ్మకు తాలింపు వాసన పడేది కాదు, చల్లారిన జొన్న గట్క, పల్చటి మజ్జిగ తాగి బయల్దేరేది.

ఎవరి దగ్గర చేయించుకోవాలంటే, బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చదివిన ప్రకృతి వైద్యుల కోర్సులో ఆక్యుపంక్చర్ ఉంటుంది, అందులోనూ క్యాన్సర్ పేషెంట్లను చూసిన అనుభవం ఉందా అని మొహమాటపడకుండా అడగండి. సూదుల ప్యాకెట్ మీ ముందే చింపాలి. ఫిజియోథెరపీలో నొప్పికి అంటించే ప్యాడ్ల మెషిన్ వేరు, దీన్ని అదనుకోకండి.

100.4 జ్వరం వచ్చినా, రోజంతా నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా సూదుల సంగతి పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

దేవరకొండ, అచ్చంపేట లాంటి చోట్ల ఉండి ప్రతిసారీ ఇంత దూరం రాలేనివాళ్లు అదే చోట వేలితో నొక్కుకోవచ్చు, సూది అంత కాకపోయినా వికారానికి కొంత ఆసరా. అరచేయి పైకి పెట్టి, మణికట్టు గీత మీద పేషెంటువే మూడు వేళ్లు అడ్డంగా ఆనిస్తే, ఆ వేళ్లు దాటిన చోట తాళ్లలా తేలే రెండు కండరాల కొసల నడుమ ఆ చోటు ఉంటుంది. రెండు మూడు నిమిషాలు బొటనవేలితో నొక్కి పట్టాలి, చర్మం కమిలేంత కాదు. మేము డాక్టరుతోనే అక్కడ పెన్నుతో చుక్క పెట్టించుకున్నాం. స్నానంలో చెరిగిపోతే మళ్లీ నేనే పెట్టేవాణ్ని, బస్సు కదలగానే అమ్మ బొటనవేలు దాని మీదికి పోయేది.