కొయ్య గొడుగులు – 4వ పాఠం: గదులు లెక్కపెట్టడం

పోయిన పాఠంలో కర్ర మీద మొలిచే పుట్టగొడుగు అడుగున రేకులున్నాయా, కన్నాలున్నాయా అని చూశాం. ఈసారి కన్నాలవాటిలో హెక్సగోనియా అనే రకం. మైక్రోస్కోప్ లేకుండా గుర్తుపట్టడం నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు.

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ వెనక కొట్టి పడేసిన కొమ్మలున్నాయి. రెండు వానలు పడేసరికి ఒక కొమ్మకు వరసగా గోధుమరంగు చెవులు మొలిచాయి. "కుక్కగొడుగులు, ముట్టుకోకురా" అని అమ్మ పైనుంచి కేక. ముట్టుకుంటే ఏమీ కాదు. తినడానికి మాత్రం పనికిరాదు, తోలు ముక్కలా ఉంటుంది. ఒకటి తిప్పి చూస్తే అచ్చం చిన్న తేనెపట్టు! గ్రీకులో హెక్సా అంటే ఆరు, గోనియా అంటే మూల. అలాగని ప్రతి గదికీ ఆరు మూలలుంటాయనుకోకండి. ఐదు, ఏడు కూడా కనిపిస్తాయి. ఈ గదుల లోపలి గోడల మీదే, గొడుగుకు విత్తనాల్లాంటి బీజాలు తయారై కిందికి రాలతాయి.

ఇక పని. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ స్కేలు అడుగువైపు ఆనించి, ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీయండి. జూమ్ చేసి, స్కేలు వెంబడి 5 మి.మీ.లో ఎన్ని గదులున్నాయో లెక్కపెట్టండి. పలచగా, నూగు లేకుండా ఉండే హెక్సగోనియా టెన్యువిస్‌లో సుమారు 5 నుంచి 10 వస్తాయి. హెక్సగోనియా ఎపియేరియాలో ఒకటి రెండు గదులకే 5 మి.మీ. అయిపోతుంది. ఆ పేరులో ఉన్నది తేనెటీగే. అదే గానోడెర్మా అనే ఇంకో రకం కొయ్య గొడుగు అయితే 20 దాటుతాయి, మామూలు కంటికి సూదిపోట్లలా కూడా సరిగ్గా ఆనవు.

నేను మొదటిసారి అంచు దగ్గర లెక్కపెట్టి బోల్తా పడ్డాను. అంచున గదులు ఇంకా కడుతూ ఉంటాయి, లోతుండదు. కొమ్మకు అతుక్కున్న వైపేమో ఏటవాలుగా ఉండి గదులు సాగిపోతాయి. అందుకే నడిమధ్యన చూడాలి, అదీ మూడు చోట్ల.

కొమ్మనూ వదలకండి. బెరడు కొంచెం లేపి గోటితో గీరండి. కర్ర తెల్లబారి, పీచుపీచుగా వస్తోందా? కర్రకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను ఇది తినేస్తోందన్నమాట. దీన్నే తెల్ల కుళ్ళు అంటారు.

కబ్బన్ పార్కుకు వెళ్తే ఫొటోతో సరిపెట్టుకోండి, పీకకండి. వచ్చే వారానికి మూడు లెక్కలూ నోట్‌బుక్‌లో రాసి, ఒక నల్ల కాగితం, ఒక గాజు గ్లాసు సిద్ధంగా ఉంచుకోండి. కాగితం మీద రాలిన బీజాల ముద్ర తీద్దాం.