బండికి ఏ ఇంజన్ ఆయిల్ పోయాలి: డబ్బా మీది అక్షరాల నుంచి గేజ్ గీతల దాకా

ఇంజన్ ఆయిల్ నాణ్యత వల్ల ఇంజన్‌కి తేడా పడుతుందా అంటే, కచ్చితంగా పడుతుంది. అయితే నాణ్యతంటే ఖరీదు కాదు, బ్రాండూ కాదు. మీ ఇంజన్‌కి కంపెనీ చెప్పిన గ్రేడు, నకిలీ కాని సరుకు, సరైన మట్టం, వేళకు మార్చడం, ఈ నాలుగూ కుదిరితే మామూలు మినరల్ ఆయిల్‌తోనే 100 సీసీ బండి ఏళ్ల తరబడి బోర్‌కి (అరిగిన సిలిండర్‌ని మళ్లీ తొలిచే పనికి) రాకుండా నడుస్తుంది. తప్పు రకం చూసి కొన్న ఖరీదైన సింథటిక్ మాత్రం క్లచ్ ప్లేట్లను పాడు చేయగలదు.

డబ్బా ముందువైపు మెరుపులు వదిలేసి వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మూడు సంగతులు చూడండి.

మొదటిది చిక్కదనం. స్ప్లెండర్‌కి 10డబ్ల్యూ30, పల్సర్ 150కి 20డబ్ల్యూ50, రాయల్ ఎన్‌ఫీల్డ్ 350కి 15డబ్ల్యూ50 అని ఆయా కంపెనీలు చెబుతాయి. చివరి అంకె ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనానికి కొలమానం) మధ్య ఉండాలి, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 మధ్య. ముందున్న ‘డబ్ల్యూ’ అంకె చలిలో స్టార్టింగ్ కోసం. 10డబ్ల్యూని సున్నాకి 25 డిగ్రీలు కిందా, 20డబ్ల్యూని 15 డిగ్రీలు కిందా పరీక్షిస్తారు. లంబసింగి చలిలో కూడా మన బండ్లకి ఆ అవసరం రాదు. కాబట్టి మనం పట్టించుకోవాల్సింది ముఖ్యంగా వెనక అంకెనే.

“మన దగ్గర ఎండలెక్కువ, చిక్కటి ఆయిల్ పోయించు” అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి షెడ్డులోనూ ఉంటారు. రామగుండం, రెంటచింతల ఎండలు కంపెనీలకు తెలియనివి కావు. మాన్యువల్‌లో బయటి ఉష్ణోగ్రతను బట్టి పట్టిక ఇచ్చి ఉంటే దాని ప్రకారమే గ్రేడు మార్చుకోండి, లేకపోతే మార్చొద్దు. స్ప్లెండర్‌లో 20డబ్ల్యూ50 పోస్తే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పైన హెడ్డులోని క్యామ్ (వాల్వులను తెరిచే భాగం) దాకా చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఇంజన్ అరుగుదల ఎక్కువగా జరిగేది ఆ కాసేపట్లోనే. పికప్, మైలేజీ కూడా కాస్త పడిపోతాయి. పల్సర్ 150లో 10డబ్ల్యూ30 పోస్తే సమస్య తిరగబడుతుంది: వేడికి పొర పల్చనై లోపలి చప్పుడు పెరుగుతుంది, ఆయిల్ తాగడం మొదలవుతుంది.

రెండోది, బైకుల విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది, జాసో గుర్తు, అంటే జపాన్ వాహన ప్రమాణాల సంస్థ పెట్టిన గుర్తు. ఎంఏ, ఎంఏ2, ఎంబీ అని ఉంటుంది. మన గేర్ బైకుల్లో దాదాపు అన్నిటికీ ఒకే ఆయిల్ మూడు పనులు చేస్తుంది: పిస్టన్‌కి, గేర్లకి, క్లచ్‌కి. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఎంఏ, ఎంఏ2 ఆయిల్స్ ఆ పట్టు ఉండేలా తయారైనవి. ఎంబీలో రాపిడి తగ్గించే రసాయనాలు ఎక్కువ. యాక్టివా లాంటి స్కూటర్లలో క్లచ్ వేరే గదిలో పొడిగా ఉంటుంది కాబట్టి వాటికి ఎంబీ సరిపోతుంది, మైలేజీకీ మేలు. స్కూటర్లో ఎంఏ పోసినా పెద్ద నష్టం లేదు. బైకులో ఎంబీ పోస్తేనే తంటా. కారు ఆయిల్ పోసినా ఇదే ప్రమాదం, ముఖ్యంగా మైలేజీ పెంచుతుందని అమ్మే పల్చటి రకాలతో.

ఇలా జరిగిందని ఎలా తెలుస్తుంది? టాప్ గేర్లో ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ మోత పెరుగుతుంది, స్పీడు మాత్రం పెరగదు. అదే క్లచ్ స్లిప్. ముందు క్లచ్ కేబుల్‌కి లీవర్ దగ్గర ఆట ఉందో లేదో చూడండి. కేబుల్ మరీ బిగుతుగా ఉన్నా ఇలాగే అవుతుంది. అది సరిగానే ఉండి, ఈమధ్యే ఆయిల్ మార్చి ఉంటే, ఆ ఆయిల్ తీసేసి ఎంఏ2 పోయించండి. కొన్ని వందల కిలోమీటర్లలో పట్టు రాకపోతే ప్లేట్లు గాజులా నున్నబడ్డాయన్నమాట, మార్చాల్సిందే.

మూడోది ఏపీఐ, అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, ఇచ్చే అక్షరాలు. ‘ఎస్’తో మొదలైతే పెట్రోల్ ఇంజన్‌కి, ‘సీ’తో మొదలైతే డీజిల్‌కి. పెట్రోల్‌లో రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్త ప్రమాణం. ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. మీ మాన్యువల్ ఎస్‌జే అంటే ఎస్‌ఎల్, ఎస్‌ఎన్ వాడుకోవచ్చు, గ్రేడూ జాసో గుర్తూ కలిస్తే చాలు. ఊళ్లలో ట్రాక్టర్‌కి తెచ్చిన 15డబ్ల్యూ40 డీజిల్ ఆయిల్‌లో మిగిలింది బైకులో పోసేస్తుంటారు. దాని మీద జాసో గుర్తు లేకపోతే క్లచ్‌కి భరోసా లేనట్టే.

కార్ల వాళ్లకు ఒక్క హెచ్చరిక. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో పొగ గొట్టానికి మసి ఫిల్టర్, అంటే డీపీఎఫ్, ఉంటుంది. మసిని అది వేడి చేసి కాల్చేసుకుంటుంది. ఆయిల్‌లోని లోహ రసాయనాల నుంచి వచ్చే బూడిద మాత్రం కాలదు, లోపలే పేరుకుంటుంది. అందుకే ఆ కార్లకు బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్, మాన్యువల్‌లో ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) సీ2, సీ3 లాంటి గుర్తులతో అడుగుతారు. పాత ఏపీఐ ప్రమాణమైన సీఐ-4 డీజిల్ ఆయిల్ పోసి కొన్ని వందలు మిగుల్చుకుంటే, చివరికి ఫిల్టర్ మార్చే ఖర్చు వేలల్లో ఉంటుంది.

నకిలీ సరుకు విషయానికొస్తే, ఖాళీ డబ్బాల్లో వడకట్టిన పాత ఆయిల్ నింపి అమ్మడం పాత వ్యాపారమే. రంగు చూసీ, రెండు వేళ్ల మధ్య రాసి జిగట చూసీ కనిపెట్టలేరు. మూత కింది రింగు తెగకుండా ఉందా, లోపలి ఫాయిల్ సీలు అంచుల దాకా సమంగా అతుక్కుందా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చెరిగిపోయినట్టు లేకుండా స్పష్టంగా ఉన్నాయా చూడండి. లూజు ఆయిల్ ఎంత చవకైనా వద్దు. షెడ్డులో అయితే డబ్బా మీ కళ్లముందే తెరిపించండి. పని అయ్యాక ఖాళీ డబ్బాకి స్క్రూడ్రైవర్‌తో రెండు కన్నాలు పొడిచి పారేయండి, అది మళ్లీ అంగడికి చేరకుండా.

ఇంట్లోనే మార్చుకోవాలంటే 100 సీసీ బైకుకి అరగంట పని. ఇంజన్‌ని నాలుగైదు నిమిషాలు నడిపి ఆపండి. ఆయిల్ గోరువెచ్చగా పల్చబడి, అడుగున చేరిన మురికితో సహా దిగుతుంది. బాగా కాలిపోయేంత వేడి మీద ముట్టుకోవద్దు. సెంటర్ స్టాండ్ వేసి, కింద తొట్టి పెట్టి, పైన ఆయిల్ పోసే మూత తీసి, డ్రెయిన్ బోల్ట్ విప్పండి. స్ప్లెండర్‌కి 17 సైజు పానా సరిపోతుంది. ధార చుక్కల్లోకి వచ్చాక కూడా పది నిమిషాలు ఆగండి.

కొన్ని షెడ్లలో ఇక్కడ కిరోసిన్ గానీ పెట్రోల్ గానీ పోసి కడుగుతారు. ఒప్పుకోవద్దు. ఎంత వంచినా కొంత లోపలే మిగిలి కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది.

బోల్ట్‌కి కొత్త వాషర్ వేయండి. చేత్తో బిగిసేదాకా తిప్పి, పానాతో పావు నుంచి అర మలుపు చాలు. కేసింగ్ అల్యూమినియం కాబట్టి బలమంతా పెడితే మర పోతుంది, తర్వాత ఖర్చు ఆయిల్‌కి పది రెట్లు. ఫిల్టర్ ఉన్న బండికి ఫిల్టర్ కూడా మార్చాలి. స్ప్లెండర్‌లో కాగితం ఫిల్టర్ ఉండదు. క్లచ్ కవర్ లోపల గిర్రున తిరుగుతూ మురికిని అంచులకు నెట్టే గిన్నె, కింద ఒక జాలీ, అంతే. వాటిని మాన్యువల్ చెప్పిన వ్యవధిలో శుభ్రం చేయిస్తూ ఉండాలి. ఫిల్టర్ లేని ఇలాంటి ఇంజన్లలోనే ఆయిల్ మార్పు ఆలస్యమైతే నష్టం త్వరగా కనబడుతుంది.

ఎంత పోయాలన్నదే చాలామంది తప్పు చేసే చోటు. మాన్యువల్‌లో రెండు కొలతలు ఉంటాయి: ఇంజన్ మొత్తం విప్పి బిగించినప్పటిది, ఊరికే డ్రెయిన్ చేసి నింపినప్పటిది. మీకు కావాల్సింది రెండోది, అది చిన్న బైకుల్లో సాధారణంగా 100, 200 మి.లీ. తక్కువ. లీటరు డబ్బా కొన్నాం కదా అని మొత్తం ఒంపేయొద్దు. ఎక్కువైతే లోపల తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, నురగకి పొర నిలవదు. బ్రీదర్ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి పంపేది) గుండా ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి ఆయిల్ చేరుతుంది, ఇంజన్ బరువుగా లాగుతుంది, కొన్నిసార్లు తెల్లటి నీలి పొగ వస్తుంది. కొంచెం తక్కువగా పోసి, గేజ్ (ఆయిల్ మట్టం చూసే గీతల కడ్డీ) చూస్తూ కలపండి.

గేజ్ చూసే పద్ధతి: నింపాక మూడు నుంచి ఐదు నిమిషాలు ఐడిల్‌లో నడిపి ఆపండి. రెండు మూడు నిమిషాలు ఆగండి. సైడ్ స్టాండ్ మీద కాదు, సెంటర్ స్టాండ్ మీద, చదును నేల మీద. గేజ్ తీసి తుడిచి, స్ప్లెండర్‌లో అయితే మర తిప్పకుండా ఊరికే ఆనించి తీయండి. కొన్ని బండ్లలో గేజ్‌కి బదులు మట్టం కనిపించే గాజు కిటికీ ఉంటుంది. మట్టం రెండు గీతల మధ్య, పై గీతకి దగ్గరగా ఉండాలి.

ఎప్పుడు మార్చాలన్నది మాన్యువల్‌లోని కిలోమీటర్లు, నెలలు, రెండిట్లో ఏది ముందొస్తే అప్పుడు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి నెలల లెక్కే ముఖ్యం. ఇంజన్ పూర్తిగా వేడెక్కక లోపలి చెమ్మ, కాలని పెట్రోల్ ఆయిల్‌లో కలుస్తాయి. మూత తీస్తే పాలు కలిపిన టీ రంగు జిగురు కనిపించడం దానికి గుర్తు. నల్లబడడం మాత్రం చెడిపోవడానికి రుజువు కాదు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కొద్ది రోజుల్లోనే నల్లగా అవుతుంది, మసిని పట్టి ఉంచడం దాని పనే. బైకులో నమ్మదగ్గ గుర్తు గేరు. మెత్తగా పడే గేరు ‘టక్’మని పడుతుంటే, న్యూట్రల్ దొరకడం కష్టమైతే, గేర్ల పళ్ల మధ్య నలిగి ఆయిల్ చిక్కదనం పడిపోయిందని అర్థం.

తీసిన పాత ఆయిల్‌ని కాలవలో పోయొద్దు. గుమ్మాలకీ, పశువుల పుండ్లకీ పూసే అలవాటు మానుకోవాలి. వాడిన ఆయిల్‌లో చేరే కొన్ని పదార్థాలు చర్మ క్యాన్సర్‌కి దారితీయగలవు. మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ డ్రమ్ము పెట్టుకున్న షెడ్డుకి ఇచ్చేయండి. చేతులు పెట్రోల్‌తో కాకుండా సబ్బుతో కడుక్కోండి.