ఫోబియా తగ్గాలంటే ఏం చేయాలి: భయాన్ని మెట్లుమెట్లుగా ఎదుర్కొనే పద్ధతి

లిఫ్ట్ అంటే భయం ఉన్నవాళ్ళు ఏం చేస్తారు, ఎనిమిదో అంతస్తైనా సరే మెట్లెక్కి పోతారు. పైకి చేరాక హమ్మయ్య అనిపిస్తుంది చూడండి, అసలు చిక్కంతా అక్కడే ఉంది. తప్పించుకోగానే ప్రాణం కుదుటపడుతుంది కాబట్టి రేపు మళ్ళీ తప్పించుకోవాలనే అనిపిస్తుంది, పైగా ఎక్కలేదు కాబట్టే ఏం కాలేదు అని మనసు నమ్మేస్తుంది, ఎక్కితే ఏమయ్యేదో తెలిసే ఛాన్సే రాదు. అలా ఏళ్ళు గడిచినా భయం అక్కడే ఉంటుంది. అందుకే "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అని చెప్తే పని జరగదు, ఏం కాదని వాళ్ళకీ తెలుసు, తెలిసినా కాళ్ళు వణుకుతాయి. దయచేసి అలాంటి వాళ్ళని చూసి నవ్వకండి.

దీనికి బాగా పనిచేసేది ఎక్స్‌పోజర్ థెరపీ. అంటే భయపడే దానికి కొంచెం కొంచెంగా దగ్గరవడం. కొత్తదేం కాదు, 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే సైకాలజిస్టు కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్నపిల్లాడు తింటూ ఉండగా కుందేల్ని కాస్త కాస్త దగ్గరికి తెచ్చి ఆ భయం పోగొట్టారు. తర్వాత 1958లో జోసెఫ్ వోల్పే అనే సైకియాట్రిస్టు దీన్నే రిలాక్సేషన్‌తో, అంటే ఒళ్ళు వదులు చేసుకోవడంతో కలిపి ఒక పద్ధతిగా రాశారు. ఇప్పుడైతే రిలాక్సేషన్ తప్పనిసరి కాదంటున్నారు, ఎదురుగా నిలబడటమే అసలు మందు.

ముందు ఒక కాగితం తీసుకుని మీకు ఏం జరుగుతుందని భయమో సూటిగా రాయండి. "భయమేస్తుంది" అని కాదు, "తలుపు మూసుకున్నాక రెండు నిమిషాల్లో ఊపిరాడక పడిపోతాను" అని రాయాలి. ఇంత వివరంగా ఎందుకంటే తర్వాత అది జరిగిందా లేదా అని చూసుకోవాలి కదా.

ఇప్పుడు ఆ భయానికి దగ్గరయ్యే మెట్లు, తక్కువ భయం నుంచి ఎక్కువ భయం దాకా, రాసుకోండి, ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా భయం మార్కులు వేసుకోండి. లిఫ్ట్ ఎదురుగా నిలబడి జనం ఎక్కడం దిగడం చూడటం 20 అనుకుందాం, బటన్ నొక్కి తలుపు తెరుచుకుని మూసుకునేదాకా అక్కడే ఉండటం 30, తెరిచిన తలుపులోంచి ఒక అడుగు లోపల పెట్టి బయటికి రావడం 45, తోడుతో ఒక్క అంతస్తు 60, ఒంటరిగా ఒక్క అంతస్తు 75, జనంతో నిండిన లిఫ్ట్‌లో పై దాకా 95. మీ మార్కులు వేరేగా ఉండొచ్చు, వేరేవాళ్ళ లిస్టు కాపీ కొట్టొద్దు. మధ్యస్థంగా భయపెట్టేదాంతో మొదలుపెట్టండి, మరీ తేలికైతే నేర్చుకునేదేం ఉండదు.

ప్రతి మెట్టు దగ్గరా ఒక్కటే రూలు, భయం పెరగ్గానే పారిపోకూడదు. గుండె దడదడలాడుతుంది, చేతులు చెమటలు పడతాయి, పట్టనివ్వండి, మీరు రాసుకున్నది తప్పని తేలేదాకా ఆగండి. అయ్యాక కాగితం తీసి చూసుకోండి, పడిపోయానా? లేదు. అదే మెట్టు వేరే బిల్డింగ్‌లో, వేరే టైంలో కూడా చేయండి. ఇంకోటి, కళ్ళు గట్టిగా మూసుకోవడం, వేలు అలారం బటన్ మీదే ఉంచడం, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ ఉండటం, ఇవన్నీ దొంగదారిలో తప్పించుకోవడమే, ఫోన్ వల్లే బయటపడ్డానని మనసు అనుకుంటుంది, కాబట్టి ఒక్కొక్కటీ మానేయాలి.

రక్తం, సూది అంటే భయం ఉన్నవాళ్ళు మాత్రం ఇక్కడ ఆగి చదవండి. మిగతా ఫోబియాల్లో కళ్ళు తిరిగి పడిపోవడం చాలా అరుదు, వీళ్ళకి మాత్రం బీపీ ముందు పెరిగి తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది, నిజంగానే స్పృహ తప్పొచ్చు. అలాంటప్పుడు ఒళ్ళు వదులు చేయమని చెప్పడం రాంగ్ సలహా. స్వీడన్‌కి చెందిన సైకాలజిస్టు లార్స్ గోరన్ ఓస్ట్ వీళ్ళకోసం వేరే పద్ధతి తెచ్చారు: కూర్చుని చేతులు, కాళ్ళు, పొట్ట కండరాలు 10-15 సెకన్లు గట్టిగా బిగించాలి, మొహంలోకి వేడి ఎక్కినట్టు అనిపిస్తుంది, అప్పుడు మామూలు స్థితికి వచ్చి 20-30 సెకన్లు ఆగి మళ్ళీ, ఇలా ఐదుసార్లు. ముందు ఇంట్లో ప్రాక్టీస్ చేసి, తర్వాత సూది ఫొటో చూస్తూ, తర్వాత నిజం సూది దగ్గర చేయాలి. సూది గుచ్చే చేయిని మాత్రం వదులుగానే ఉంచాలి. బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా ఇది చేయొద్దు.

భయం వల్ల ఉద్యోగం, చదువు, వైద్యం ఆగిపోతున్నాయంటే, లేదా పెద్ద దుర్ఘటన తర్వాత భయం మొదలైందంటే, ఒంటరిగా ప్రయత్నించకుండా సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. ఎక్స్‌పోజర్ చేయిస్తారా అని అడగడంలో తప్పేం లేదు, అడగండి. కొన్ని ఫోబియాలకి మూడు గంటల దాకా సాగే ఒకే సెషన్‌లో చేసే పద్ధతి కూడా ఉంది, అదీ ఓస్ట్ తెచ్చిందే. పిల్లల్ని మాత్రం బలవంతంగా కుక్క ముందుకి తోసి భయం పోగొడతామని అనుకోకండి, తర్వాతి మెట్టు ఎప్పుడెక్కాలో వాళ్ళే చెప్పాలి.

తగ్గాక కూడా చాలాకాలం లిఫ్ట్ ఎక్కకుండా ఉంటే భయం మళ్ళీ తలెత్తొచ్చు. కంగారు పడక్కర్లేదు, ఆ కాగితం తీసి రెండు మెట్లు కిందనుంచి మొదలుపెట్టండి, ఈసారి మామూలుగా త్వరగానే అయిపోతుంది.