ఆ కాస్ట్ పెట్టే ముందు -5 ఇచ్చి చూడండి

గతవారం లినక్స్ కెర్నెల్‌లో ఒక డ్రైవర్‌కి ఒక్క లైను ప్యాచ్ (కోడ్ మార్పు) పడింది, మర్నాడే మెషీన్ పానిక్ అయి ఆగిపోయింది. ప్యాచ్ చేసిందల్లా ఒక కాస్ట్ పెట్టి, అంటే విలువ టైప్‌ని బలవంతంగా మార్చి, కంపైలర్ వార్నింగ్‌ని మాయం చేయడమే.

డివైస్ నుంచి చదివే ఫంక్షన్ ఇంట్ (నెగటివ్ కూడా పట్టే, అంటే సైన్డ్, పూర్ణసంఖ్య) తిరిగిస్తుంది. పని జరిగితే బైట్ల లెక్క, చెడితే -5 లాంటి నెగటివ్ ఎర్రర్ కోడ్. దాన్ని లెన్ అనే వేరియబుల్‌లో పెట్టుకుని, లెన్ గనక సైజాఫ్(బఫ్), అంటే బఫర్ పరిమాణం, కంటే పెద్దదైతే వెనక్కి పొమ్మన్నారు. బఫర్ 64 బైట్లు. సైజాఫ్ అన్‌సైన్డ్ (నెగటివ్ పట్టనిది) కాబట్టి పోలిక దగ్గర లెన్ కూడా అన్‌సైన్డ్ అయిపోతుంది. 64 బిట్ల మెషీన్‌లో -5 కాస్తా 18446744073709551611 అవుతుంది. 64 కంటే పెద్దదే కదా, చెక్ దాన్ని ఆపేసింది. రాసినవాళ్లకే తెలియకుండా కోడ్ బతికిపోతోందన్నమాట.

వార్నింగ్ లెవల్ పెంచి బిల్డ్ చేస్తే, సైన్డ్‌నీ అన్‌సైన్డ్‌నీ పోలుస్తున్నారని కంపైలర్ మొత్తుకుంది. సైజాఫ్ ముందు (ఇంట్) తగిలించారు. వార్నింగ్ పోయింది. ఇప్పుడు -5, 64 కంటే చిన్నది! చెక్ దాటి, బైట్లని కాపీ చేసే మెమ్‌కాపీలోకి దూరింది. అక్కడ పొడవు టైప్ సైజ్_టీ, అదీ అన్‌సైన్డే, కాబట్టి మళ్లీ ఆ ఇరవై అంకెల సంఖ్యే.

కాస్ట్‌తో వార్నింగ్ నోరు మూయించొద్దు. నేను చూసిన టైప్ బగ్ ప్యాచ్‌లలో కొంప ముంచినవన్నీ ఇలాంటివే. రెండిట్లో చిన్నది ఎంచే మిన్_టీ(ఇంట్, ...) కూడా కాస్టే, వేషం మార్చుకుందంతే.

కాస్ట్ రాయకపోయినా ప్రమాదం తప్పదు. 2021 జులైలో బయటపడ్డ సీవీఈ-2021-33909 అనే లినక్స్ భద్రతా లోపంలో, ఫైల్‌సిస్టమ్ కోడ్‌లోని సైజ్_టీ విలువ చడీచప్పుడూ లేకుండా ఇంట్‌లోకి దిగింది. మామూలు యూజర్ రూట్ (సర్వాధికారాలున్న యూజర్) అయిపోయే దారి దొరికింది.

ముట్టుకునే ముందు

విలువ ఏ ఫంక్షన్‌లో పుట్టింది, ఎన్ని చేతులు మారింది, చివరికి ఎక్కడ వాడుతున్నారు అని మొత్తం దారి నడిచి చూడండి. మధ్యలో ఒక్క వేరియబుల్ టైప్ మారిస్తే బగ్ పోదు, పక్క లైనుకి జరుగుతుంది.

మార్చేటప్పుడు

ముందు లెన్ సున్నా కంటే తక్కువా అని విడిగా చూసి, ఆ ఎర్రర్‌నే తిరిగివ్వండి. పరిమాణంతో పోలిక ఆ తర్వాతే.

ప్లాట్‌ఫామ్_గెట్_ఐఆర్‌క్యూ ఇచ్చిన ఇంటరప్ట్ నంబర్‌ని (లేదా ఎర్రర్‌ని) ఇంట్‌లోనే పెట్టండి. అన్‌సైన్డ్‌లో పెడితే సున్నా కంటే తక్కువా అన్న చెక్ ఎప్పటికీ నిజం కాదు.

పని ముగిసేదాకా గడువు పెట్టుకుని ఆగే వెయిట్_ఫర్_కంప్లీషన్_టైమౌట్ దగ్గర నెగటివ్ కోసం వెతక్కండి. టైమౌట్ అయితే వచ్చేది సున్నా.

1 << 31ని యూ64లో (64 బిట్ల అన్‌సైన్డ్‌లో) వేయొద్దు. పై 32 బిట్లూ ఒకట్లతో నిండుతాయి. బిట్_యూఎల్‌ఎల్ వాడండి.

యూజర్ ప్రోగ్రామ్ డ్రైవర్‌కి పంపే ఐఆక్టల్ స్ట్రక్చర్‌లో లాంగ్ (32, 64 బిట్లలో సైజు మారే టైప్) వద్దు.

మెమరీ అడిగేటప్పుడు సైజులు చేత్తో గుణించకండి, గుణకారం హద్దు దాటకుండా చూసే కెమాలక్_అర్రే ఉంది.

32 బిట్లకీ బిల్డ్ చేయండి.

కోడ్‌లో తప్పులు వెతికే స్పార్స్ నడపండి. స్మాచ్ కూడా.

చదువుతుండగా డివైస్ పీకి చూడండి. ఎర్రర్ దారిలో నడవని ప్యాచ్‌ని టెస్ట్ చేశామని రాయొద్దు.

కాస్ట్ వద్దు.

తప్పదంటారా, ఆ లైనుకి -5 ఇచ్చి మెమ్‌కాపీ దాకా కాగితం మీద నడిపించి, ఆ లెక్కని కమిట్ మెసేజ్‌లో పెట్టండి.